మందుతోపాటు ఒక గది

మీ ఊళ్ళో ఒక కుర్రాడికి జ్వరం విడవడం లేదు. ముఖం పాలిపోయింది, ఒంటిమీద ఎర్రటి చుక్కలు. పట్నంలో పరీక్ష చేసి ల్యుకేమియా, అంటే రక్తపు కేన్సరు అన్నారనుకోండి. మందు మొదలుపెట్టిన నెలకు జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. సూక్ష్మదర్శినిలో చూస్తే చెడ్డ కణాలు కనబడలేదు. "ఇక ఇంటికి తీసుకుపోతామండీ" అంటాడు తండ్రి. "ఇంకా రెండేళ్ళపైన మందు వాడాలి" అంటారు డాక్టరుగారు. ఎందుకని?

చిన్న లెక్క చేసి చూడండి. జబ్బు బయటపడేనాటికి శరీరంలో చెడ్డ కణాలు సుమారు లక్ష కోట్లు ఉంటాయని అంచనా. నూటికి 99 చచ్చినా మిగిలేవెన్ని? వెయ్యి కోట్లు! మూలుగలో మంచి కణాల మధ్య చెదిరి ఉంటాయి గనుక అవి కంటికి చిక్కవు. మందు ఆపారా, మళ్ళీ పెరుగుతాయి.

ఈ సంగతి మొదట తెలిసివచ్చిన కథలో మనవాడొకాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే ఉండి దాని పనికి అడ్డుపడే అమినాప్టెరిన్‌ను అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అయితే ఆ గుణం కొద్ది నెలలే నిలిచింది.

ఇప్పుడు అనేక మందులు కలిపి, దీర్ఘకాలం ఇస్తున్నారు. సంపన్న దేశాల్లో కేన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. పేద దేశాల్లో 30 మంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. వైద్యం నడిమధ్యన మానెయ్యడం అందులో ఒకటి.

తప్పు తండ్రిదని మాత్రం అనకండి. ఆయన కూలి పోయింది. చంటిపిల్ల అమ్మమ్మ దగ్గర ఉంది. పట్నంలో అద్దె ఇచ్చుకోలేక ఆస్పత్రి బయట పేవ్‌మెంటు మీద పడుకుంటే, మందువల్ల తెల్లకణాలు తగ్గిన పిల్లవాడికి కలుషితమైన నీళ్ళు చాలు, ప్రాణంమీదికి వస్తుంది. అందుచేత శుభ్రమైన గది, కాచిన నీళ్ళు, అమ్మ వండిన అన్నం కూడా వైద్యంలో భాగమే.

ఇది 1974లో ఫిలడెల్ఫియాలో కొందరికి తట్టింది. ఫ్రెడ్ హిల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి కూతురికి ల్యుకేమియా. తోటి తల్లిదండ్రులు ఆస్పత్రి కుర్చీల్లో నిద్రపోవడం ఆయన చూశాడు. డాక్టర్ ఆడ్రీ ఎవాన్స్‌కు అప్పటికే ఇలాంటి కుటుంబాలకు ఒక ఇల్లు ఉండాలని కోరిక. ఇద్దరి పూనికతో మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ వెలిసింది. మన దేశంలో సెయింట్ జూడ్ ఇండియా అనే సంస్థ 2006లో ముంబయిలో ఇలాంటి వసతి మొదలుపెట్టింది, హైదరాబాదులోనూ నడుపుతోంది. ఒక్కో కుటుంబానికి ఒక గది, అందరికీ కలిపి ఒక వంటిల్లు. డబ్బు పుచ్చుకోరు. కేన్సరు రోగికీ వెంట వెళ్ళే ఒకరికీ రైలు ఛార్జీలో రాయితీ ఉంది. ఈ సంగతి తెలియక పూర్తి టిక్కెట్టు కొనేవాళ్ళు ఉంటారు. మీరు చెప్పవచ్చు.

"అది అంటుకుంటుందా, మాస్టారూ?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అంటుకోదు. ఊడిన జుట్టు మందు ఆపాక మళ్ళీ వస్తుంది. కాని మన జబ్బులు అతనికి అంటుకుంటాయి సుమా! మీ తరగతిలో ఎవరికైనా ఆటలమ్మో తట్టో వస్తే ఆ రోజే వాళ్ళింటికి కబురు చేయండి. వెంటనే తెలిస్తే డాక్టర్లు అడ్డుకొనే మందు ఇవ్వగలరు. రోజులు గడిస్తే అది పనిచెయ్యదు.