లేజర్ కన్నా ముందు అడగాల్సిన మందు

ముట్లుడిగిన రెండు మూడేళ్లకు మూత్రం పోసేటప్పుడు మంట మొదలవుతుంది. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు, మజ్జిగ తాగుతారు. తగ్గకపోతే యూరిన్ పరీక్ష, యాంటీబయాటిక్ కోర్సు. నెల తిరక్కుండా మంట మళ్లీ వస్తుంది. దాంతోపాటు యోని పొడిబారడం, దురద, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉన్నా, ఆ సంగతి డాక్టరు దగ్గర కూడా నోరు దాటి రాదు. మెనోపాజ్ దాటిన వాళ్లలో సుమారు సగం మందికి ఈ బాధల్లో ఏదో ఒకటి ఉంటుందని అంచనా. ఒంట్లోంచి వచ్చే వేడి ఆవిర్లు చాలామందిలో కొన్నేళ్లకు వాటంతటవే తగ్గుతాయి. పైన చెప్పిన బాధలు అలా పోవు. వదిలేస్తే వయసుతోపాటు ముదురుతాయి.

ఈ బాధకు ఇప్పుడు నగరాల్లో లేజర్ చికిత్స చేస్తున్నారు. మూడు సిట్టింగులు, ఒక్కోటీ కొద్ది నిమిషాలే, కోత లేదు, కుట్లు లేవు అని చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఈ లేజర్ పనిచేస్తుందనడానికి గట్టి రుజువు ఇంతవరకూ లేదు. పనిచేస్తుందని ఎప్పుడో రుజువైన క్రీము గురించి మాత్రం మన ఆడవాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు. నా బాధంతా అదే.

అసలు అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. ఈస్ట్రోజన్ హార్మోను ఉన్నంతకాలం యోని లోపలి పొర మందంగా, మడతలతో, తడిగా ఉంటుంది. ఆ కణాల్లో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా దాని మీద బతుకుతూ లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. అందుకే అక్కడ ఆమ్లత ఎక్కువగా, అంటే పీహెచ్ 3.5 నుంచి 4.5 మధ్య ఉండి, చెడ్డ క్రిములు నిలవలేవు. అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ మానేశాక పొర పలచబడుతుంది, గ్లైకోజెన్ తగ్గుతుంది, మేలు చేసే బ్యాక్టీరియా తరిగిపోతాయి, పీహెచ్ 5 దాటుతుంది. పేగుల్లో ఉండే ఈ-కోలై లాంటివి అక్కడ చోటు చేసుకుని మూత్రనాళంలోకి పాకుతాయి. మూత్రనాళపు పొర కూడా ఈస్ట్రోజన్ మీద ఆధారపడిందే కాబట్టి అదీ పలచబడి ఉంటుంది. మాటిమాటికీ వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్‌కు చాలాసార్లు మూలం ఇదే.

మన రెండు రాష్ట్రాల్లో ఈ బాధ యాభై ఏళ్లు దాటినవాళ్లతోనే ఆగదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి ఎనిమిది మందికి పైనే. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై అయిదేళ్ల మనిషికి అరవై ఏళ్లావిడ బాధలు మొదలవుతాయి. ఆపరేషన్‌కు ముందు ఈ మాట ఆమెకు చెప్పి తీరాలి.

ఇక లేజర్. ఇందులో ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కిరణాన్ని నీరు ఇట్టే పీల్చుకుంటుంది. మన కణజాలంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కిరణం పడినచోట కణాలు ఆవిరైపోతాయి. తర్వాతి రోజుల్లో కిరణాన్ని జల్లెడ కన్నాల్లా చిన్న చిన్న చుక్కలుగా పంపే పద్ధతి వచ్చింది. చుక్కకూ చుక్కకూ మధ్య కణజాలం చెక్కుచెదరకుండా ఉంటుంది, అక్కడినుంచి గాయం మానుతూ కొత్త కొల్లాజెన్ పుడుతుంది. ముఖం మీది మచ్చలకు చర్మ వైద్యులు దీన్ని వాడుతున్నారు. యోని పొరకూ ఇది పనికిరావచ్చన్నది ఆలోచన. 2014లో ఇటలీ వైద్యులు 50 మంది స్త్రీలకు చేసి, మూడు నెలల్లో బాధలు తగ్గాయని రాశారు. ఆ అధ్యయనంలో పోల్చి చూడడానికి చికిత్స పొందని బృందం లేదు. యంత్రాలు మాత్రం దేశదేశాలకు వెళ్లిపోయాయి.

పోల్చి చూస్తే ఏం తేలుతుందో సిడ్నీ వైద్యులు చూపించారు. 85 మందిని లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి అసలు లేజర్. రెండో బృందానికి అదే యంత్రం, అదే గొట్టం, అవే మూడు సిట్టింగులు, కానీ కణజాలాన్ని తాకలేనంత తక్కువ శక్తి. తనకు ఏది అందిందో ఎవరికీ తెలియదు. ఏడాది తర్వాత బాధ తీవ్రతను 100 పాయింట్ల కొలబద్ద మీద కొలిచారు. లేజర్ బృందంలో సగటున 17 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి చికిత్స బృందంలో 27 దాకా తగ్గింది! గణాంకాల లెక్కలో ఈ తేడా నిలిచేది కాదు, కానీ లేజర్ మెరుగని మాత్రం చెప్పలేం. సూక్ష్మదర్శినితో చూసినా కణజాలంలో తేడా లేదు. 2021లో జామా అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది.

ఉత్తుత్తి చికిత్సతో బాధ ఎందుకు తగ్గింది? వాళ్లు అబద్ధం చెప్పలేదు. బాధ బాగా ముదిరినప్పుడే మనిషి వైద్యం కోసం వస్తుంది, ఆ తర్వాత సహజంగానే కొంత తగ్గే రోజులుంటాయి. దానికి తోడు ఏళ్లుగా ఎవరికీ చెప్పుకోని బాధను ఒకరు శ్రద్ధగా విన్నారు, ఏదో చేస్తున్నారన్న నమ్మకం కలిగింది. ఈ ఉపశమనం నిజమైనదే. కానీ దాన్ని లేజర్ ఖాతాలో రాసి డబ్బు తీసుకోవడం న్యాయం కాదు.

లేజర్‌తో మేలు కనిపించిందన్న చిన్న ట్రయల్స్ కూడా ఉన్నాయి. ఇటలీ, గ్రీసుల్లో 58 మందితో ఒకటి జరిగింది, అందులో ఉత్తుత్తి బృందం ఉంది కూడా. అందుకే తలుపు పూర్తిగా మూయక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ మందుల వల్ల ఈస్ట్రోజన్ వాడలేనివాళ్లకు ఇది దారి అవుతుందని చాలామంది ఆశించారు. 2023లో బార్సిలోనా వైద్యులు అలాంటి 72 మందిలో పరీక్షిస్తే అక్కడా లేజర్‌కూ ఉత్తుత్తి చికిత్సకూ తేడా తేలలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. మెనోపాజ్ బాధలకు ఈ యంత్రాలను తాము అనుమతించలేదనీ, కాలిన గాయాలు, మచ్చలు, ఎప్పటికీ పోని నొప్పి వచ్చిన సందర్భాలు ఉన్నాయనీ చెప్పింది. బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య మార్గదర్శక సంస్థ ఈ లేజర్ చికిత్సను పరిశోధనలో భాగంగానే వాడాలని 2021లో తేల్చింది.

మరి రుజువైన మందు సంగతి? 1993లోనే, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే 93 మంది మెనోపాజ్ దాటిన స్త్రీల మీద, యోనిలో రాసే ఈస్ట్రియాల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) క్రీమును పరీక్షించారు. ఉత్తుత్తి క్రీము వాడినవాళ్లకు ఏడాదికి సగటున 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, అసలు క్రీము వాడినవాళ్లకు 0.5 సార్లే వచ్చింది. ఈస్ట్రియాల్ క్రీము మన మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. మామూలుగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు రాయమంటారు. హార్మోను అనగానే క్యాన్సర్ భయం పుడుతుంది. ఆ భయం 2002లో నోటితో మింగే హార్మోను మాత్రల మీద వచ్చిన అధ్యయనంతో బాగా పెరిగింది. యోనిలో రాసే తక్కువ మోతాదు మందు రక్తంలోకి చేరేది బహు స్వల్పం. వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో దాని వల్ల రొమ్ము, గర్భసంచి క్యాన్సర్లు పెరిగినట్టు కనిపించలేదు. హార్మోను వద్దనుకునేవాళ్లకు మాయిశ్చరైజర్లు, కలయిక సమయంలో వాడే లూబ్రికెంట్ జెల్లు ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందు క్యాన్సర్ డాక్టరును అడగాలి. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ఏ క్రీమూ రాయకుండా వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

ఈసారి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూత్రంలో మంట అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ముట్లుడిగి ఎన్నేళ్లయిందో, గర్భసంచి ఆపరేషన్ అయిందో లేదో, పొడిబారడం, కలయికలో నొప్పి ఉన్నాయో దాచకుండా చెప్పండి. ఈస్ట్రియాల్ క్రీము నాకు వాడవచ్చా అని నోరు తెరిచి అడగండి. లేజర్ చేయించుకోమంటే, ముందు క్రీము ఎందుకు రాయలేదో అడిగి, జవాబు విన్నాకే డబ్బు కట్టండి.