గుట్ట మీద రేడియో

ఇంట్లో హ్యామ్ రేడియో పెడితే ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ల రొదే ఎక్కువ. అందుకే ఆదివారం ఉదయం మేనమామతో కలిసి హోసూరు శివారు గుట్ట ఎక్కాం. మామకు లైసెన్సుంది, మాకంతా కొత్త.

ఏరియల్ అంటే పెద్ద యంత్రమేమో అనుకున్నాం. తీరా చూస్తే రాగితీగే! 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 40 మీటర్లు. అందులో సగం, అంటే 20 మీటర్ల తీగ చాలట. తాడుకు రాయి కట్టి వేపకొమ్మ మీదుగా విసిరాం. మూడుసార్లు ముళ్లపొదలోనే పడింది. తీగ పైకెక్కాక, 12 వోల్టుల బ్యాటరీకి రేడియో తగిలించి మీట తిప్పితే మైసూరు కన్నడం, కోయంబత్తూరు తమిళం, ఆపైన సన్నగా తెలుగు. రాజమండ్రి నుంచట! నడుమ టవరు లేదు, కేబులు లేదు. ఆకాశంలోని అయనోస్ఫియర్‌కు తగిలి వంగి మా దాకా దిగింది ఆ మాట.

జవాబివ్వాలని నాలుక దురద పెట్టింది. లైసెన్సు లేకుండా ప్రసారం చేయకూడదు కాబట్టి మామే మాట్లాడారు.

“హోసూరులో తెలుగువాళ్లున్నారా?” అవతలి గొంతు అడిగింది.

“తరతరాలుగా ఉన్నాం. ఇద్దరు నా పక్కనే చెవులు రిక్కించి కూర్చున్నారు,” అన్నారు మామ.

లైసెన్సు పరీక్ష రాయాలంటే 12 ఏళ్లు నిండాలి. మాలో అక్కకు నిండాయి, చదువు మొదలెట్టింది. తమ్ముడికి ఇంకా ఎనిమిది నెలలుంది.