మిరప చేలలో బాలలు: పంచాయతీ సభ్యుల బాధ్యత

పల్నాటి చేలలో మిరపకాయ ఎరుపెక్కు కాలమునకు కర్నూలు మొదలగు మెట్ట ప్రాంతములనుండి కూలి కుటుంబములు పిల్లాపాపలతో వచ్చి మన గ్రామముల చెంత గుడిసెలు వేసికొనును. తల్లివెంట చేనికి వచ్చిన పదేండ్ల పిల్లయు కాయలు కోయును. కిలోల లెక్కన ఇచ్చు కూలిలో ఆ చిన్నచేతుల కష్టము తల్లి లెక్కలోనే కలిసిపోవును. “పిల్లను మేము పిలువలేదు, తల్లితో వచ్చినది” అని ఆసాములు పలుకుట కలదు. ఈ మాట చట్టము ఎదుట చెల్లదు.

14 సంవత్సరములు నిండని బాలలను కర్మాగారములలో, గనులలో, ప్రమాదకరమైన పనులలో నియమింపరాదని రాజ్యాంగము 24వ అధికరణమున 1950లోనే శాసించినది. 1986 నాటి బాలకార్మిక చట్టము కొన్ని పనులను మాత్రమే నిషేధించినది. 2016 సవరణతో ఈ నిషేధము వ్యవసాయముతో సహా అన్ని పనులకును వర్తించినది. బాలలను నియమించుటయే కాదు, పనిచేయనిచ్చుటయు నేరమే. అందుకు 6 నెలలనుండి 2 సంవత్సరముల వరకు జైలుగాని, 20 వేలనుండి 50 వేల రూపాయల వరకు జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

అయితే బిడ్డ తన ఇంటిపనిలో సాయపడరాదా? సాయపడవచ్చును. బడి విడిచిన తరువాత, లేక సెలవులలో, ప్రమాదములేని సొంత కుటుంబపు పనికి మినహాయింపు కలదు. పరుల చేనిలో కూలికి కాయ కోయుట కుటుంబపు పని కానేరదు. ఇక 14 దాటి 18 నిండనివారి విషయము. పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతములవారు ఇది ముఖ్యముగా గమనింపవలెను: గనులలోను, రాతి క్వారీలలోను, ఇటుక బట్టీలలోను వీరిని పెట్టరాదు.

నిషేధించినంత మాత్రమున పని పూర్తికాదు. చేనినుండి తప్పించిన బిడ్డ గుడిసెలో ఒంటరిగా ఉండరాదు గదా! 2009 నాటి విద్యాహక్కు చట్టము తమ పరిధిలోని బాలల వివరములు ఉంచుటను, వలస కుటుంబముల బాలలను బడిలో చేర్పించుటను స్థానిక సంస్థల విధిగా నిర్ణయించినది. వయస్సు పత్రము లేదనియు, సంవత్సరము మధ్యలో వచ్చిరనియు ప్రవేశము నిరాకరింపరాదు.

కావున సభ్యులకు మా మనవి: కోతలు ఆరంభముకాగానే గుడిసెలకు వెళ్లి బాలల పేర్లు వ్రాసికొనుడు. ప్రధానోపాధ్యాయునితో మాటలాడి వారిని బడిలో చేర్పించుడు. ఆసాములను, మేస్త్రీలను పిలిచి చట్టము వివరించుడు. అప్పటికిని వినని యెడల 1098 నంబరునకు ఫోను చేయుడు. మన చేను పండించిన పంటలో పరుల బిడ్డ చదువు నష్టము కలియకుండ చూచుట పంచాయతీ చేతిలోనే యున్నది.