గొంతుకు మందు ఎందుకు కొడతారు?



పోయిన మిరపకోతలప్పుడు మా తాతకి ముద్ద మింగుతుంటే రొమ్ము దగ్గర అడ్డం పడుతోందంటే క్రోసూరులో బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్లాం. ఎండోస్కోపీ చెయ్యాలన్నారు. "గొంతులోకి గొట్టమా? నేనుండను, ఇంటికి పోదాం పదరా" అని తాత లేచాడు. ఆ రోజు నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

మన వేలు నాలుక వెనక తగిలితే వాంతి వచ్చినట్టవుతుంది కదా! ఊపిరిగొట్టంలోకి ఏదీ పోకుండా ఒంట్లో ఉన్న కాపలా అది. గొట్టం వచ్చినా ఊరుకోదు. అందుకని ముందు గొంతులో లిగ్నోకైన్ అనే మందు స్ప్రే కొడతారు. నరం కబురు మోయాలంటే సోడియం అయాన్లు దాని లోపలికి పోవాలి. ఈ మందు ఆ దారులు మూసేస్తుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, గొంతు మాత్రం మొద్దుబారుతుంది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని తయారుచేశాడు. పన్ను పీకేటప్పుడు చిగురుకు వేసేది కూడా ఎక్కువగా ఇదే. 10 శాతం స్ప్రే ఒకసారి నొక్కితే 10 మిల్లీగ్రాములు పడుతుంది. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే లెక్కపెట్టి కొడతారు.

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని లోపలి పొరలో పుట్టిన క్యాన్సర్ ఇంకా లోతుకు దిగకముందే కనిపెడితే, రొమ్ము కోయకుండా ఎండోస్కోపుతోనే తీసెయ్యొచ్చు. అయోడిన్ చల్లితే మంచి చోటు గోధుమరంగుకు మారుతుంది, చెడ్డ చోటుకి రంగు పట్టదు. దాని కింద సూదితో సెలైన్ ఎక్కిస్తే బొబ్బలాగా పైకి లేస్తుంది. అప్పుడు చిన్న కరెంటు కత్తితో చుట్టూ కోసి ఒలిచేస్తారు. ఈ పద్ధతి జపానులో పుట్టింది. మన హైదరాబాదులో ఇలాంటి ఎండోస్కోపీ వైద్యానికి పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారు కర్నూలు మెడికల్ కాలేజీలో చదివినవారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఈ పనికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి స్ప్రే ఒక్కటే చాలదు, మత్తు కూడా ఇస్తారు. కోసిన చోటే లిగ్నోకైన్ సూది వేస్తే తర్వాత నొప్పి తగ్గుతుందా అని కూడా డాక్టర్లు పరీక్షించి చూశారు.

ఇక నేను చేసిన తప్పు. తాత బయటికి రాగానే, పాపం పొద్దుటి నుంచి ఏమీ తాగలేదని టీ తెచ్చిచ్చాను. నర్సమ్మ గబగబా వచ్చి గ్లాసు లాక్కుంది. "గొంతు ఇంకా మొద్దుగానే ఉంది బాబూ! ఇప్పుడు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది. గంటసేపు ఆగి, ముందు ఒక గుక్క నీళ్లు మింగించి చూడమంది. నాకు చేతులు వణికాయి.

ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి పుండే గానీ క్యాన్సర్ కాదన్నారు. చుట్ట మానమన్నారు. తాత తగ్గించాడు గానీ ఇంకా పూర్తిగా మానలేదు.

మిత్రులారా! చుట్ట, బీడీ, సారా, పొగలు కక్కే టీ అన్నవాహికకు చేటు. ముద్ద అడ్డంపడే సరికి చాలామందికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ తాతనీ, అమ్మమ్మనీ "అన్నం సరిగ్గా దిగుతోందా?" అని అడగండి. గొట్టమంటే భయపడితే ఈ మందు సంగతి చెప్పండి. టీ మాత్రం గంటదాకా ఇవ్వకండి!

– 9వ తరగతి విద్యార్థి