వేసవి సెలవుల్లో ఈత సరదా

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల మనసు నీటివైపే లాగుతుంది. ఈత మంచి వ్యాయామం. చేతులు, కాళ్లు, ఊపిరితిత్తులు అన్నింటికీ పని దొరుకుతుంది. ఆకలి, నిద్ర బాగుంటాయి. కాబట్టి వద్దనకండి, దగ్గరుండి నేర్పించండి.

మన పల్లెల్లో నడుముకు బెండు కట్టి బావిలో ఈత నేర్పడం పాత అలవాటే. బెండు ఉన్నా ఈత వచ్చిన పెద్దవారు చేతికందే దూరంలో ఉండాలి. మునిగిపోయే బిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేడు.

గుర్తుంచుకోండి:

1. ఎండ ముదరకముందు, లేదా సాయంత్రం చల్లబడ్డాకే ఈతకు పంపండి. మధ్యాహ్నం ఇంట్లో అష్టాచెమ్మా, క్యారమ్స్ ఆడించండి.

2. లోతు తెలియని నీటిలో తలకిందులుగా దూకనివ్వకండి. మెడ విరిగితే కాళ్లూ చేతులూ చచ్చుబడవచ్చు.

3. మూర్ఛ ఉన్నవారు, చెవిలో చీము కారేవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. తాడు, వెదురు గడ, చీర అందించండి. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించాలని చూడకండి. విలువైన సమయం పోతుంది. ఊపిరి ఆడకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి, రొమ్ము మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కండి. పక్కవారిచేత 108కి ఫోన్ చేయించండి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకురండి. ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.

మీరు రోగి పక్కన ఇక్కడ ఉన్నప్పుడు, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తున్నారు? ఈ రోజే ఒక పెద్దవారికి అప్పగించండి. దేవుడు మీకిచ్చిన బిడ్డలు క్షేమంగా ఉండాలి.