బల్లుల తగాదా – సీసాలో ఎందుకు తీరదు?

ధర్మవరంలో మగ్గం గదిలోనైనా, హిందూపురంలో అంగడి ముందైనా, పెనుకొండ కోట రాళ్ళ సందుల్లోనైనా చీకటి పడగానే బల్లులు బయటికొస్తాయి. దీపం దగ్గర రెండు బల్లులు ఎదురుపడితే ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? పెద్దది "చిక్ చిక్ చిక్" అంటుంది, ఒళ్ళు పైకెత్తుతుంది, తోక ఆడిస్తుంది. చిన్నది పరుగు తీస్తుంది. తీయకపోతే కాటు తప్పదు.

బల్లి పలికితే మాట నిజమవుతుందని పెద్దలంటారు. నిజానికి ఆ పలుకు మన కోసం కాదు, మరో బల్లి కోసం. "ఈ చోటు నాది" అని ఎక్కువగా మగబల్లి చేసే హెచ్చరిక అది. దీపం దగ్గర పురుగులు మూగుతాయి కనుక ఆ చోటుకే గిరాకీ! మగబల్లి తొడల అడుగున సన్నని రంధ్రాల వరుస ఉంటుంది. వాటినుంచి వచ్చే మైనంలాంటి పదార్థం వాసన హద్దురాయిలా పనిచేస్తుంది.

గోడమీద తగాదా త్వరగా తీరుతుంది. ఎందుకని? ఓడినదానికి పోవడానికి చోటుంది కనుక. పటం వెనుక, దూలం సందు, పక్క గోడ – ఎక్కడైనా దాక్కుంటుంది. అదే రెండింటినీ పట్టి ఒక గాజుసీసాలో వేశారనుకోండి. పారిపోవడమే బల్లి ఓటమిని ఒప్పుకొనే పద్ధతి. సీసాలో ఎంత పరుగెత్తినా అది శత్రువు ముందే ఉంటుంది. అందుకే కాట్లు ఆగవు. బలహీనమైనది తిండి మానేస్తుంది, తోక వదిలేస్తుంది, చివరికి చనిపోవచ్చు కూడా.

"తోక మళ్ళీ మొలుస్తుంది కదా!" అంటారా? తోకలో కొవ్వు నిల్వ ఉంటుంది. తోక పోతే ఆ నిల్వా పోయినట్లే. పైగా కొత్తది పెంచడానికి శక్తి ఖర్చవుతుంది. కొత్త తోకలో వెన్నెముకకు బదులు మృదులాస్థి మాత్రమే ఉంటుంది.

విదేశాల్లో చిరుతమచ్చల బల్లుల్ని పెంచేవారు రెండు మగవాటిని ఒకే పెట్టెలో ఉంచరు. ఆడవి కరచుకున్నా వెంటనే విడదీస్తారు.

గోడమీది అడ్డుల విలువ చూపే మంచి ప్రయోగం ఒకటుంది. మన ఇళ్ళలో కనిపించే బల్లి జాతుల్లో ఒకటి పసిఫిక్ దీవులకు చేరి, అక్కడి చిన్నబల్లులకు పురుగులు దక్కకుండా చేసింది. కెనెత్ పెట్రెన్, టెడ్ కేస్ అనే శాస్త్రజ్ఞులు హవాయిలో గోడలకు అడ్డుపలకలు అమర్చి చూశారు. పెద్దబల్లి సూటిగా పరుగెత్తి పురుగులన్నిటినీ కాజేయలేకపోయింది. చిన్నబల్లికి తిండి దక్కింది. పోటీ దాదాపు మాయమైంది. ఈ ఫలితాలు 1998లో వెలువడ్డాయి. చూశారా, మారింది బల్లి స్వభావం కాదు, గోడ!

మీలో ఎవరైనా బల్లుల్ని సీసాలో వేసి ఉంటే ఈ రాత్రే పట్టిన చోట వదిలేయండి. వాటిని చూడటానికి సీసా అక్కరలేదు. మీ వరండా గోడ బొమ్మ కాగితంమీద గీయండి. వారంరోజులు రాత్రి ఎనిమిది గంటలకు ఏ బల్లి ఎక్కడుందో గుర్తుపెట్టండి. తోక పొడవునుబట్టి వాటిని పోల్చుకోవచ్చు. దీపం దగ్గరి చోటు ఎవరిదో, ఓడినది ఎక్కడ దాగుతుందో ఎనిమిదో రోజుకు మీ కాగితమే చెబుతుంది.