వార్తల్లో పదం: ఎంటెరిక్ హైపర్‌ఆక్సలూరియా

క్రోన్స్ వ్యాధి ప్రధానంగా పేగుల జబ్బు. అయినా ఆ రోగుల్లో కొందరు నడుము పక్క నుంచి గజ్జల్లోకి దిగే నొప్పితో ఆసుపత్రికి వస్తారు. స్కానింగ్‌లో కిడ్నీ రాళ్లు బయటపడతాయి. దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, పేగు లోపం వల్ల మూత్రంలో ఆక్సలేట్ పెరగడం. అదే ఎంటెరిక్ హైపర్‌ఆక్సలూరియా.

పాలకూర, బాదం, టీలలో ఉండే ఆక్సలేట్‌ను మామూలుగా పేగులోనే కాల్షియం పట్టుకుంటుంది, రెండూ కలిసి మలంతో పోతాయి. చిన్నపేగు చివరిభాగం బాగా దెబ్బతిన్నా, ఆపరేషన్‌లో తీసేసినా పైత్యరస లవణాలు తిరిగి ఒంటికి పట్టవు, కొవ్వు సరిగా జీర్ణం కాదు. మిగిలిపోయిన కొవ్వు ఆమ్లాలు కాల్షియాన్ని లాగేసుకుంటాయి. పట్టుకునేవారు లేని ఆక్సలేట్ పెద్దపేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలకు చేరుతుంది. పెద్దపేగు తీసేసిన వారికి ఈ దారి దాదాపు మూసుకుపోతుంది. కానీ నీరు ఎక్కువగా పోయి, మూత్రం ఆమ్లగుణం పెరిగి, యూరిక్ ఆమ్లపు రాళ్ల బెడద మొదలవుతుంది.

‘రాళ్లున్నాయిగా, పాలూ పెరుగూ మానెయ్యి’ అనే ఇరుగుపొరుగు సలహా ఇక్కడ బెడిసికొడుతుంది. భోజనంతోపాటు కాల్షియం అందితేనే ఆక్సలేట్ పేగులో ఆగేది. తగ్గించాల్సింది కొవ్వు, ఆక్సలేట్. నీళ్లు మాత్రం బాగా తాగాలి.

ఆక్సలేట్ స్ఫటికాలు కిడ్నీ కణజాలంలో పేరుకుంటే దాని పనితీరే దెబ్బతినవచ్చు. ఇది చాలదన్నట్టు, క్రోన్స్ లాంటి మరో పేగు జబ్బు అయిన పెద్దపేగు పూతకు (అల్సరేటివ్ కొలైటిస్‌కు) వాడే మెసలమైన్ మందు కూడా అరుదుగా కిడ్నీలో వాపు తెస్తుంది. నొప్పేమీ ఉండకపోవచ్చు కాబట్టి క్రియాటినిన్ పరీక్షే దాన్ని ముందుగా పట్టిస్తుంది.